హోవర్డ్ వీలునామా - హథ్‌ఖోజ్ పెరడు

ఆల్బర్ట్ హోవర్డ్ రాసిన ‘ఏన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ 1940లో వెలువడింది. మట్టిని గురించిన పుస్తకాల్లో ఇంత పేరు తెచ్చుకున్నవి, ఇంత తగాదా రేపినవి ఎక్కువ లేవు. ‘టెస్టమెంట్’ అన్న మాటను తెలుగు చేయబోతే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి వీలునామా. రెండోది, బైబిలు తెలుగులో వాడే నిబంధన. వీలునామా అయితే వారసులు దాన్ని ముందు పెట్టుకుని ఆస్తి ఎంత, అప్పు ఎంత అని లెక్క చూసుకుంటారు. నిబంధన అయితే కళ్లకద్దుకుని నమ్ముతారు. మన దేశంలో సేంద్రియ వ్యవసాయాన్ని అభిమానించేవారు చాలామంది ఈ పుస్తకాన్ని రెండో అర్థంలోనే చదివారు. దాన్ని మొదటి అర్థంలో చదివి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క చూడాలంటే ఒక నేల కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ జిల్లా, భిలాయి పక్కన ఉన్న హథ్‌ఖోజ్‌ను తీసుకుందాం. అక్కడ భారీ పారిశ్రామిక ప్రాంతం ఉంది. రోలింగు మిల్లులు, ఫౌండ్రీలు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఉన్నాయి. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ ఉక్కు చుట్టూనే ఈ వాడలన్నీ పెరిగాయి. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు భిలాయి అంతటా ఉన్నాయి. మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా నాలుగు గోంగూర గింజలు వెంట తీసుకువెళతారు కదా! ఛత్తీస్‌గఢీలో గోంగూరను ‘అమారీ భాజీ’ అంటారు. ఇంటి పెరటితోటను ‘బాడీ’ అంటారు. కాబట్టి పెరడు అనే విషయంలో ఇరుపక్షాల వారికీ పేచీ లేదు. పేచీ అంతా మట్టితోనే.

ఇలాంటి వాడ పక్కన ఒక ఇల్లు, దాని వెనక పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు జాగా ఊహించుకోండి. ఇల్లు కట్టేటప్పుడు పైమట్టి గీకేశారు. లారీలు తిరిగి నేల గట్టిపడింది. గుంటలు పూడ్చడానికి స్లాగు, బూడిద, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పోశారు. దానిపైన రెండంగుళాల ఎర్రమట్టి పరిచి తోట అన్నారు. విత్తనం మొలుస్తుంది, నాలుగాకులు వేస్తుంది, పసుపుపచ్చగా మారి ఆగిపోతుంది. హోవర్డ్‌ను అడిగితే ఏమంటాడు?

హోవర్డ్ 1905లో భారతదేశానికి వచ్చి బీహారులోని పూసా పరిశోధన కేంద్రంలో వృక్షశాస్త్రజ్ఞుడిగా చేరాడు. ఆయన భార్య గాబ్రియెల్ కూడా శాస్త్రజ్ఞురాలే. గోధుమ వంగడాలపై ఇద్దరూ కలిసి పనిచేశారు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో సొంత పరిశోధన సంస్థను నడిపాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి అక్కడ రూపొందించిన కంపోస్టు విధానమే ‘ఇండోర్ పద్ధతి’. గాబ్రియెల్ 1930లో మరణించారు. పుస్తకాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు.

పుస్తకంలో బలమైన భాగం దాని మొదటి ఊహ. అడవికి ఎవరూ ఎరువు వేయరు, అయినా అది వేల ఏళ్లు బతుకుతుంది. ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, మళ్లీ ఆకవుతుంది. నేలనుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇవ్వాలి. దీన్నే హోవర్డ్ తిరిగి ఇచ్చే ధర్మంగా ప్రతిపాదించాడు. మొక్కకు కావలసింది నత్రజని, భాస్వరం, పొటాషియం అనే మూడు సంచులు మాత్రమే అనుకునే ధోరణిని ఆయన తీవ్రంగా దుయ్యబట్టాడు. 1940లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

అంతకన్నా నాకు నచ్చింది ఆయన వేర్లను తవ్వి చూడటం. పూసాలో పండ్ల చెట్ల వేర్లు ఏ రుతువులో ఎంత లోతున పనిచేస్తున్నాయో తవ్వి తీసి పరిశీలించాడు. చెట్టు చుట్టూ గడ్డి పెరిగితే చెట్టు ఎందుకు కుంగుతుందో తెలుసుకోవడానికి నేలకు గాలి అందించే కందకాలు తవ్వి పోల్చి చూశాడు. మట్టిలో గాలి అనే సంగతికి అంత ప్రాముఖ్యం ఇచ్చినవారు ఆ రోజుల్లో కొద్దిమందే. హథ్‌ఖోజ్ పెరటికి ఈ భాగం అచ్చంగా సరిపోతుంది. లారీ చక్రం కింద నలిగిన మట్టిలో మొదట చచ్చేది గాలి. మంచి తోటమట్టిలో సగానికి సగం ఖాళీ జాగాలే ఉంటాయి. కొన్నిటిలో నీరు, కొన్నిటిలో గాలి. ఘనసెంటీమీటరు మట్టి బరువు 1.3 గ్రాముల దగ్గర ఉంటే వేరు హాయిగా దిగుతుంది. బంకమట్టిలో ఆ బరువు 1.5 దాటితే వేరు తల తిప్పుకుని పక్కకు పోతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. అడుగు లోతు గుంట తవ్వి, నీళ్లు నింపి, ఇంకనివ్వండి. మళ్లీ నింపి, స్కేలు పెట్టి గంటకోసారి కొలవండి. గంటకు ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే అక్కడ ఏ ఎరువు వేసినా దండగే. ముందు గాలి, నీరు కదిలే దారి చేయాలి. గునపంతో లోతుగా పెళ్లగించడానికీ సమయముంటుంది. మట్టిని ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే పొడిగా విచ్చుకోవాలి. ముద్దగా అతుక్కుపోతే ఇంకా తడి ఉన్నట్టు. ఆ రోజు తవ్వితే మేలుకన్నా కీడే ఎక్కువ. వానాకాలం మొదట్లో జీలుగు చల్లితే దాని వేరు గట్టిపొరలోకి దిగి దారి చేస్తుంది. 45 రోజులకు, పూత దశలో, కోసి కలిపేస్తే పచ్చిరొట్ట అవుతుంది.

బంకమట్టి గట్టిగా ఉంటే ఇసుక కలపమని ప్రతి నర్సరీవాడూ చెబుతాడు. లెక్క వేద్దాం. మన జాగా 100 చదరపు అడుగులు, అంటే 9.3 చదరపు మీటర్లు. పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 2 టన్నులు. అందులో సగం బంక అనుకుందాం. దాన్ని 30 శాతానికి దించాలంటే 1.3 టన్నుల ఇసుక కావాలి. రెండు తట్టల ఇసుకతో జరిగేది ఇటుకల తయారీయే. హోవర్డ్ ఇలాంటి చిట్కాలు చెప్పలేదు, అది ఆయన గొప్ప.

ఇక కంపోస్టు. ఇండోర్ పద్ధతి సారాంశం ఇది: ఎండు చెత్త, పచ్చి ఆకు, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, కొంత కట్టెబూడిద పొరలుపొరలుగా వేసి, తడి ఆరకుండా, గాలి ఆడేట్టు మూడుసార్లు తిరగేస్తే మూడు నెలలకు ఎరువు తయారవుతుంది. కర్బనం 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండేట్టు చూసుకోవాలి. ఈ విధానం ఇవాళ్టికీ నిలిచింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెంటగుంటను ‘ఘురువా’ అంటారు. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నరవా, గరువా, ఘురువా, బాడీ అని వాగు, పశువు, పెంటగుంట, పెరడు నాలుగింటినీ కలిపి ఒక పథకానికి పేరు పెట్టింది. 2020 జూలైలో పేడను కిలో 2 రూపాయలకు కొనడం మొదలుపెట్టింది. హోవర్డ్ బతికి ఉంటే ఆ పేరు చూసి మురిసిపోయేవాడు.

కానీ ఎంత వేయాలి? చాలా తోట పుస్తకాలు ‘తగినంత’ అని తప్పించుకుంటాయి. మన 2 టన్నుల మట్టిలో సేంద్రియ కర్బనం 0.3 శాతం ఉందనుకోండి, దాన్ని 0.8కి పెంచాలి. అంటే 10 కిలోల కర్బనం, సుమారు 17 కిలోల సేంద్రియ పదార్థం. తడి కంపోస్టులో సేంద్రియ పదార్థం నాలుగోవంతు ఉంటుందనుకుంటే 70 కిలోలు. అయితే మే నెలలో 42, 45 డిగ్రీలు కాసే ఆ ఎండలో సూక్ష్మజీవులు చురుగ్గా తినేస్తాయి. సగం పోతుందనుకుంటే 140 కిలోలు కావాలి. నర్సరీలో అమ్మే ఐదు కిలోల సంచులు 28. అదీ ఒక్కసారితో తీరేది కాదు, ఏటా కొంత వేస్తూనే ఉండాలి. ఇంగ్లండు చల్లదనంలో నిలిచిన కర్బనం మన దగ్గర నిలవదు.

ఇక్కడే జీవామృతం ప్రస్తావన వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయాన్ని పెద్దయెత్తున ప్రోత్సహించిన తర్వాత ఇంటి మేడలమీద కూడా దీని డ్రమ్ములు వెలిశాయి. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. ఇది ఒక ఎకరానికి. ఇందులో ఉన్న నత్రజని మొత్తం లెక్కకడితే 200 గ్రాముల దగ్గర తేలుతుంది. మన పదడుగుల మడికి వచ్చే వాటా అర గ్రాము. అదే మడినుంచి 10 కిలోల తోటకూర కోస్తే మనం తీసుకుపోయే నత్రజని 40 గ్రాములు. అందుచేత జీవామృతం ఎరువు కాదు, తోడు మాత్రమే. పాలు ఉంటేనే తోడు వేసి ఫలం. ఆకులు, గడ్డి, పచ్చిరొట్ట ఉన్న నేలలో దానికి అర్థముంది. దాన్ని ప్రచారం చేసేవారు కూడా నేలను కప్పి ఉంచమనే చెబుతారు. స్లాగు కుప్పమీద పోస్తే ఆ సూక్ష్మజీవులకు తిండి దొరకదు.

ఇప్పుడు హోవర్డ్‌తో నా మొదటి తగాదా. ఆయన సాక్ష్యం ఎక్కువగా తోటల యజమానుల లేఖలు, సొంత అనుభవాలు. పూసాలో తన ఎద్దులు గాలికుంటు సోకిన పశువులతో మూతులు రాసుకున్నా వాటికి ఆ వ్యాధి రాలేదని, సారవంతమైన నేలలో పెరిగిన మేతే అందుకు కారణమని ఆయన వాదించాడు. విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అదే వయసు, అదే జాతి ఎద్దుల్ని రెండు మందలు చేసి, ఒక మందకు మామూలు మేత, ఇంకో మందకు కంపోస్టు నేల మేత పెట్టి చూశాడా? లేదు. పోల్చడానికి రెండో మంద లేనప్పుడు, ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడు చెప్పినా అది ముచ్చట మాత్రమే. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో 1843 నుంచి నడుస్తున్న గోధుమ మడుల్ని హోవర్డ్ తేలిక చేశాడు. రసాయనిక ఎరువులతో నేల చచ్చిపోతుందనే మాటకు ఆ మడులు సాక్ష్యం చెప్పలేదు. కేవలం రసాయనాలు వేసిన మడులు కూడా ఇప్పటికీ పండుతున్నాయి. అయితే పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కర్బనం వాటికన్నా రెట్టింపుకు పైగా ఉంది. అంటే ఇరుపక్షాలూ సగం సగం సరి. తగాదాలో ఈ సగాలు ఎవరికీ రుచించవు.

వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు హ్యూమస్‌నుంచి మొక్కకు నేరుగా పోషణ అందిస్తాయని, మొక్క ఆరోగ్య రహస్యమంతా అందులోనే ఉందని కూడా హోవర్డ్ నమ్మాడు. ఆ శిలీంధ్రాలు నిజంగానే భాస్వరం సంపాదించి పెడతాయి. కానీ ఆవాలు, క్యాబేజీ, పాలకూర, తోటకూర కుటుంబాలు సాధారణంగా ఆ స్నేహం చేయనే చేయవు. ఈ సంగతి తెలియక పాలకూర మడికి మైకోరైజా పొడి కొని చల్లేవారు చాలామంది. ‘హ్యూమస్’ విషయమూ అంతే. తెలుగులో దానికి ఏ మాట వాడాలా అని అనువాదకులం చాలాకాలం తంటాలు పడ్డాం. అది ఒక ప్రత్యేకమైన నల్లని పదార్థం అనే భావనే 2015 తర్వాత బాగా సడలింది. మట్టిలో ఉన్నవి రకరకాల దశల్లో కుళ్లుతున్న ముక్కలు, బంక రేణువులకు అతుక్కుని తప్పించుకున్నవి అని ఇప్పటి వివరణ. మాట దొరకకపోవడమే మంచిదైందేమో.

రెండో తగాదా పెద్దది. హోవర్డ్ తన పుస్తకంలో ‘మట్టి వ్యాధులు’ అంటూ ఒక అధ్యాయం రాశాడు. అందులో రెండే వ్యాధులు: కోత, చవుడు. చవుడు నేలల గురించి ఆయన రాసింది ఇప్పటికీ చదవదగ్గది. కాలువ నీరు అతిగా పెట్టడం, నేలకు గాలి అందకపోవడం వైపు వేలు చూపించాడు. కానీ ఫ్యాక్టరీ చేసే వ్యాధి ఆ జాబితాలో లేదు. హథ్‌ఖోజ్ పెరడు ఆయన రోగుల పట్టికలోకే రాదు.

ఆ వ్యాధి ఎలాంటిదో చూద్దాం. దుర్గ్ ప్రాంతపు రైతులు తమ నేలలకు నాలుగు పేర్లు పెట్టుకున్నారు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా ఎర్రని గరుకు నేల, కొంచెం పులుపు గుణం కలది. కన్హార్ మన నల్లరేగడి వంటిది. టన్ను ఇనుము తీసేటప్పుడు 300 నుంచి 400 కిలోల స్లాగు వస్తుంది. అందులో మూడోవంతుకు పైగా సున్నం. ఉక్కు తయారీ కొలిమి స్లాగులో సున్నం ఇంకా ఎక్కువ. తడిస్తే దాని పీహెచ్ 11, 12 దాకా పోగలదు. పులుపు గుణమున్న భాటా నేలకు మెత్తగా పొడిచేసిన స్లాగు కొద్దిగా వేస్తే మందు. కన్హార్ మీద గుట్టగా పోస్తే నేల పీహెచ్ 8 దాటి కూర్చుంటుంది. ఇండోర్ పద్ధతిలో కట్టెబూడిద ఎందుకు వేస్తారు? కుళ్లేటప్పుడు పుట్టే పులుపును విరవడానికి. ఇప్పటికే సున్నం నిండిన పెరటికి అదే కంపోస్టు చేస్తున్నప్పుడు బూడిద వేయడం, సిమెంటు గోడకు సున్నం పూసినట్టే. పుస్తకాన్ని అక్షరాలా పాటిస్తే ఇక్కడ దెబ్బతింటాం.

పీహెచ్ పెరిగితే ఏమవుతుంది? వింతైన సంగతి. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుపరాయి రైళ్లమీద దిగే ఊరు భిలాయి. మన మడిమట్టిలో 4 శాతం ఇనుము ఉందనుకున్నా 80 కిలోలు. మడిలో పెరిగే కూర మొత్తానికి కావలసిన ఇనుము ఒక గ్రాముకూడా కాదు. అయినా ఆకులు ఈనెల మధ్య పాలిపోయి ఇనుములేమిని చూపిస్తాయి. కారణం, పీహెచ్ ఒక అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము వెయ్యోవంతుకు పడిపోతుంది. ఇంటిముందు గాదె నిండా ధాన్యం, గాదెకు తాళం. కాబట్టి లేత ఆకు పసుపు రంగు చూసి ‘ఎరువు తక్కువైంది’ అని యూరియా వేసేవారు తాళం వదిలి గాదెకు ఇంకో బస్తా చేరుస్తున్నారు.

తాళం తీయడానికి గంధకం వేయమంటారు. మట్టిలోని బాక్టీరియా దాన్ని గంధకికామ్లం చేస్తుంది, ఆమ్లం సున్నాన్ని విరుస్తుంది. మళ్లీ లెక్క: మట్టిలో 5 శాతం సున్నపురాయి ఉంటే మన మడిలో 100 కిలోలు. దాన్ని పూర్తిగా విరవడానికి 32 కిలోల గంధకం కావాలి. పెరటిలో అది అయ్యే పని కాదు. జిప్సం వేయమని చెప్పేవారికి కూడా ఒక మాట: జిప్సం పనిచేసేది సోడియం నిండిన చవుడు నేలలో. సున్నమే ఎక్కువైన చోట, లారీ తొక్కిన చోట, జిప్సంకు చేయడానికి పనేమీ లేదు.

ఉన్నది సున్నమో కాదో బడి ప్రయోగశాలలోనే తేల్చుకోవచ్చు. చెంచాడు ఎండుమట్టి మీద కాస్త సజల హైడ్రోక్లోరికామ్లం వేస్తే బుసబుస పొంగుతుంది. ఉపాధ్యాయుల సమక్షంలో, ఆరుబయట చేయండి. స్లాగులో సల్ఫైడు ఉంటుంది గనక కుళ్లిన గుడ్ల వాసన వచ్చే అవకాశముంది, ఆ వాయువు మంచిది కాదు. తర్వాత ఎండుమట్టిలో కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పండి. రోలింగు మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీమీంచి రాలే పొలుసులు ఇనుప ఆక్సైడు. మట్టిలో ఉంటే కాగితానికి నల్లగా అంటుకుంటాయి. సహజమైన మట్టిలోనూ కొంత అయస్కాంత ఖనిజం ఉంటుంది. ఊరవతల పొలం మట్టితో పోల్చి చూస్తేనే ఆ పరీక్షకు విలువ. హోవర్డ్ ఎద్దులకు లేని రెండో మంద మన మట్టికి ఉండాలి.

ఇంతవరకూ చెప్పిన దెబ్బలు మొక్కకు తగిలేవి. ఇంకో రకం దెబ్బ మొక్కకు తగలదు, తినేవారికి తగులుతుంది. సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలున్న మట్టిలో కూడా పాలకూర పచ్చగా, నిగనిగలాడుతూ పెరగగలదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిలో భార లోహాలు చేరినట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001, 2008 సంవత్సరాల్లో ప్రచురించిన పరిశోధనలు చూపించాయి. ప్రతి పారిశ్రామిక వాడా అలాగే ఉంటుందని చెప్పడం అన్యాయం. కానీ వాడ పక్క పెరటిలో ఆకుకూర వేసే ముందు పరీక్ష చేయించక తప్పదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు 12 అంశాలు కొలుస్తుంది: పీహెచ్, లవణాలు, కర్బనం, పోషకాలు. సీసం, కాడ్మియం, క్రోమియం అందులో లేవు. ఆ కార్డుమీద అన్నీ బాగున్నా, అది తిండికి పనికొచ్చే నేల అని అర్థం కాదు. పంటకు రాసిన కార్డును మనిషికి అన్వయించకూడదు.

హోవర్డ్ చెప్పిన తిరిగి ఇచ్చే ధర్మం ఇక్కడ తలకిందులవుతుంది. ఊరి చెత్తను పొలానికి తిరిగి పంపాలని ఆయన ఒక అధ్యాయమే రాశాడు. ఆయన కాలపు చెత్తబుట్టలో పాత బ్యాటరీలు, మలాము పూసిన తగరం, రంగుల డబ్బాలు ఇన్ని లేవు. ఆకు కుళ్లి మాయమవుతుంది, సీసం కుళ్లదు. తిప్పితిప్పి వాడుతున్న కొద్దీ పోగుపడుతుంది. అందుకే మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకు కిలోకు సీసం 100, క్రోమియం 50, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. సంచి కొనేముందు ఆ అంకెల కోసం చూడండి.

ఆవమొక్కలు వేసి లోహాల్ని పీల్చేయించవచ్చని పత్రికల్లో తరచూ వస్తుంది. లెక్కకోసం మట్టిలో కిలోకు 200 మిల్లీగ్రాముల సీసం ఉందనుకోండి. మన 2 టన్నుల్లో 400 గ్రాములు. ఆ జాగాలో 5 కిలోల ఎండు ఆవమొక్కలు పండి, కిలోకు 50 మిల్లీగ్రాములు పీల్చినా ఒక పంటకు పావు గ్రాము. సగం సీసం తీయడానికి 800 పంటలు. ఏడాదికి రెండు పంటలు వేసినా 400 ఏళ్లు. పైగా పీల్చిన మొక్కల్ని ఎక్కడ పారేయాలి? ఘురువాలోనా?

మరి కంపోస్టు వృథాయా? కాదు. హోవర్డ్ ఊహించని పని అది చేస్తుంది. సేంద్రియ పదార్థం సీసాన్ని పట్టి ఉంచి వేళ్లకు అందకుండా చేస్తుంది. విషపూరితమైన ఆరువేలన్సీ క్రోమియాన్ని తక్కువ హాని చేసే మూడువేలన్సీ రూపానికి మారుస్తుంది. అయితే పీహెచ్‌తో మాత్రం ఆడుకోకూడదు. మన మడి సున్నం వల్ల ఇనుముకు తాళం పడిందని చెప్పుకున్నాం. అదే తాళం కాడ్మియం మీద, జింకు మీద కూడా ఉంది. ఇనుము కోసం గంధకం పోసి పీహెచ్ దించితే కాడ్మియం కూడా బయటికి వస్తుంది. ఆర్సెనిక్, ఆరువేలన్సీ క్రోమియం సంగతి దీనికి వ్యతిరేకం, అవి పీహెచ్ పెరిగినప్పుడు ఎక్కువ కదులుతాయి. కాబట్టి మట్టిలో ఏముందో తెలియకుండా పులుపు, క్షారం ఏది వేసినా గుడ్డిదెబ్బే. హోవర్డ్ దృష్టిలో మట్టి ఒకే రోగి, దానికి ఒకే మందు. ఆ మందు మంచిదే కానీ, రోగి ఒకడు కాడు.

పరీక్షలో లోహాలు ఎక్కువని తేలితే మిగిలే మార్గం పాత మట్టిని కప్పేసి పైన ఎత్తు మడి కట్టడం. మన జాగాకు అడుగు ఎత్తున దాదాపు 3 ఘనమీటర్ల మట్టి కావాలి. దాన్ని ఎక్కడినుంచి తెస్తారు? ఎవరో ఒక రైతు పొలం పైమట్టి గీకి లారీలో వస్తుంది. మన పెరడు బాగుపడింది, అతని పొలం హథ్‌ఖోజ్ అయింది. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికమట్టిని పొలాలకు తోలారు. అలాంటి చెరువుమట్టి దొరికితే మేలే, కానీ వాడ నీరు చేరే చెరువైతే దానికీ పరీక్ష తప్పదు. చిన్న జాగాకు తొట్లు నయం. నేలమీదే వేయక తప్పకపోతే పాలకూర, ముల్లంగి, క్యారెట్టు మాని టమాటా, చిక్కుడు, బెండ వేయాలి. లోహాలు కాయలోకి తక్కువగా చేరతాయి. ఆకుమీద పడే దుమ్ము వేరుద్వారా వచ్చేదానికి తీసిపోదు గనక ఏ కూరనైనా రెండుమూడు నీళ్లలో కడగాలి. బోసినేల కనిపించకుండా గడ్డి కప్పాలి. పాకే వయసు పిల్లలుంటే ఈ చివరి మాట కూరకన్నా ముఖ్యం, ఎందుకంటే వాళ్లు మట్టిని కూరద్వారా తినరు, నేరుగా తింటారు.

ఇంత తగాదా పడ్డాక ఈ పుస్తకం చదవమంటారా అని ఎవరైనా అడగవచ్చు. తప్పక చదవండి. అయితే మొదటి పేజీ నుంచి కాదు. ముందు వేర్ల మీద, గాలి మీద రాసిన భాగాలు చదవండి. అక్కడ హోవర్డ్ పార పట్టుకున్న శాస్త్రజ్ఞుడు. తర్వాత ఇండోర్ పద్ధతి అధ్యాయం, బూడిద సంగతి మార్జిన్‌లో రాసుకుని. పశువుల ఆరోగ్యం గురించిన పేజీల దగ్గర పెన్సిలు తీసి, ఈ మాట రుజువు కావాలంటే ఏ ప్రయోగం చేయాలో పక్కన రాయండి. ‘మట్టి వ్యాధులు’ అధ్యాయాన్ని చివరకు ఉంచండి. కోత, చవుడు అయ్యాక ఆ అధ్యాయం ఆగిపోతుంది. మూడో వ్యాధికి లక్షణాలు, పరీక్షలు, చేయదగ్గ చికిత్స, చేయకూడని చికిత్స మీ ఊరి వాడ మట్టిని దగ్గర పెట్టుకుని మీరే రాసి చూడండి.